ముందే వచ్చిన కొలత

రాత్రి రెండుంబావు. హోసూరు ఆఫీసులో ఒంటరిగా డ్యూటీ చేస్తున్న నందిత తెరకేసి మళ్లీ చూసింది.

కెలవరపల్లి ఆనకట్ట దిగువన ఏటి నీటిమట్టాన్ని గుర్రప్ప అరగంటకోసారి చూసి ఫోనులో ఎక్కిస్తాడు. అది ముందు హోసూరు డేటాబేసులో పడుతుంది. ఆ తరువాతే కృష్ణగిరిలోని నకలు డేటాబేసుకు చేరుతుంది. నకలు వెనకబడడం మామూలే. ఈ రాత్రి అది ముందుంది.

రెండున్నర కొలత కృష్ణగిరిలో అప్పుడే ఉంది. చూసినవారి పేరు గుర్రప్ప కాదు, అతని భార్య చౌడమ్మ.

రెండు సర్వర్ల గడియారాలూ సరిగానే ఉన్నాయి. నందిత ఆ కొలతను చెరిపేసింది. మళ్లీ వచ్చింది. ఫోను చేసేసరికి రెండూ ఇరవై ఎనిమిది.

“గుర్రప్పన్నా, ఇప్పుడు కొలత వద్దు. ఏట్లోకి దిగొద్దు.”

“నిన్న ఒకటి తప్పినందుకు అంత తిట్టినావు కదమ్మా, ఈ పొద్దు వద్దంటావా?” అతను నవ్వాడు. “మెట్ల మీదే ఉండాను.”

“చౌడమ్మక్క యాడ?”

“ఇంట్లో నిద్రపోతా ఉంది. నీళ్లంటే దానికి బయం, ఈ పక్కకే రాదు.”

“పైకి రా అన్నా. నా మాట విను.”

“ఇంక రెండే మెట్లమ్మా. ఫోను ఈడ పెట్టి లైటు పట్టుకుంటా, ఉండు.”

చెప్పుల చప్పుడు ఒకసారి వినిపించింది. రెండోసారి వినిపించలేదు. నీళ్ల హోరు ఒక్కటే.

కాసేపటికి గట్టు మీద నుంచి ఆడగొంతు పిలిచింది.

“ఏమయ్యా, యాడుండావు?”

హోసూరు తెర మీద రెండున్నర గడి ఇంకా ఖాళీగానే ఉంది.