గురువారాల మడి

“నాన్నా, మళ్లీ నీళ్లు పోస్తున్నారా?”

గార్డు గారు చెంబు వెనక్కి దాచారు. ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండి చివరి పెట్టెలో ఎవరి మాటా పడకుండా తిరిగిన మనిషి, ఇంట్లో కూతురి గొంతుకు మాత్రం బెదురుతారు.

“వానలు పడేదాకా ఈ దుంపలకు చుక్క నీరు తగిలినా కుళ్లిపోతాయని టీచరు గారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదా!”

“ఎండ చూశావా? పాపం, దాహమేస్తుందని...”

“దుంపలకా, మీకా?”

ఆయన తడి మీద పొడిమన్ను చల్లి అరచేత్తో చదును చేశారు. ఇవాళ గురువారం. అయిదు కావస్తోంది. ఇస్త్రీ చొక్కా మధ్యాహ్నమే తొడుక్కున్నారు.

రాతిగుట్టల మీద, వాన మొహం చాటేసిన ఏడు కూడా విరబూసే నీలిపువ్వు అది. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ వృక్షశాస్త్రం టీచరు గారు దాని దుంపలు తెచ్చి, మొన పైకుండేలా నాలుగు వేళ్ల లోతున స్వయంగా పాతారు. అప్పటినుంచి ప్రతి గురువారమూ వచ్చి ఒక గంట కూర్చునేవారు. మిగతా ఆరు రోజులూ ఆ గంట కోసం గూడ్సు పెట్టెల్లా భారంగా కదిలేవి. మొదటి ఏడు మొలక రాలేదు. రెండో ఏడు ఆమె కొత్త దుంపలు తెచ్చి వేసినా రాలేదు. ఇది మూడోది.

గేటు చప్పుడైంది. టీచరు గారు చేతిసంచి పక్కన పెట్టి, పుల్లతో మన్ను గీకారు. మెత్తబడిన దుంప ఒకటి బయటపడింది.

“ఇదీ పోయిందండీ గార్డు గారూ.”

“నా చెయ్యి మంచిది కాదు లెండి,” అన్నారాయన, కాస్త ఎక్కువ హుషారుగానే. “మళ్లీ వేద్దాం.”

టీ తెచ్చిన కూతురు, “ఇంకా ఎందుకండీ మీకు శ్రమ? రేపు మేస్త్రీ వస్తున్నాడు. స్కూటరు పెట్టుకోవడానికి ఇక్కడ సిమెంటు చేయించేస్తున్నాం,” అంది.

సంచిలోంచి సగం బయటికి వచ్చిన కాగితం పొట్లం మళ్లీ లోపలికి వెళ్లింది.

“మంచిదేనమ్మా. వచ్చే గురువారం నుంచి నాకూ ఓ పని తప్పింది,” అని టీచరు గారు నవ్వబోయారు. నవ్వు కుదరలేదు.

లోపల ఫోను మోగింది. కూతురు వెళ్లింది. టీచరు గారు గేటు వైపు నడిచారు. పచ్చజెండా ఊపి సాగనంపడం గార్డు గారికి జీవితమంతా చేసిన పని. ఇవాళ చెయ్యి లేవలేదు.

“ఒక్కమాట, టీచరు గారూ! మొదటి ఏడు నిజంగానే రాలేదు. ఆ తరవాత నేనే... రోజూ చెంబెడు నీళ్లు పోశాను.”

“తెలియకా?”

“తెలిసే. అవి పూస్తే ఇక మీరు రారేమోనని.”

ఆమె గేటు మీద చెయ్యి వేశారు. ఈ వయసులో ఇంత మాట అన్నందుకు ఆయన చెవులు కాలిపోతున్నాయి. ఇక ఈ గుమ్మం తొక్కరు అనుకున్నారు.

“మీరు పోయకపోయినా అవి మొలిచేవి కావండీ,” అన్నారామె చివరికి, గేటు మీద చెయ్యి తియ్యకుండానే.

“ఏం?”

“నేనిచ్చినవన్నీ ఉడకబెట్టిన దుంపలే.”