తలారి బట్టలు

హవీస్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: చంకలో పిల్ల తండ్రి మొహం ఎరగకుండా పెరగడం. రాజుగారి అడవిలో దుప్పిని కొట్టినందుకు ఆమె మొగుడు ఓస్బర్న్‌కి రేపు ఉరి.

అందుకే కోట అధికారి ఫల్క్ దొర పిలిచి కబురు చెబితే ముందు నమ్మలేదు. రాజుగారి తమ్ముడు ఆల్మరిక్ తల తీయమని రాజాజ్ఞ వచ్చిందట. తలారి పారిపోయాడు. పొద్దుటి నుంచి ఆల్మరిక్ నీలం అంగీ కప్పుకుని కోటగుమ్మంలో నిలబడే ఉన్నాడు. సైనికుల్లో ఒక్కడూ గొడ్డలి ముట్టనంటున్నాడు. ఆ పని ఓస్బర్న్ చేస్తే ఉరి రద్దు.

నిన్న ఇదే దొర ఆమెని కుక్కని తోలినట్టు తోలాడు. ఇవాళ కూర్చోమ్మా అంటున్నాడు. పిల్లకి పాలు కూడా ఇప్పించాడు. ఆ పాలు తను రుచి చూసి గానీ హవీస్ పిల్లకి పట్టలేదు.

"ఇంతమంది వద్దన్న పని మావాడికెందుకు దొరా?"

"మీవాడికి కొత్తగా పోయేదేముందే?"

ఆమె వెళ్ళి సంగతి చెబితే చెరసాల ఊచల వెనక ఓస్బర్న్ తల అడ్డంగా ఊపాడు. "దుప్పిని కొట్టినోణ్ణి నేను. మనిషిని కొట్టలేనే. పొద్దున ఆ దొరబిడ్డ నన్ను చూసి నవ్వాడు కూడాను."

"ఆయన నవ్వితే మన కడుపు నిండుద్దా? దీని మొహం చూడు" అని పిల్లని ఊచలకి ఆనించింది. పిల్ల తండ్రి గడ్డం పట్టుకుని లాగింది. ఓస్బర్న్ ఆ చిట్టి చేతిని పట్టుకున్నాడు. ఆఖరికి సరేనన్నాడు.

ఫల్క్ దొర ఇంకోటి చెప్పాడు. వంతెన దగ్గర కాపలా రాజుగారి సొంత మనుషులది. హవీస్ పిల్లతో వంతెనకి ఇవతల, కోట వైపే నిలబడి మొగుడితో కలిసి దాటాలి. చచ్చినవాడి బట్టలు తలారికే చెందుతాయి కాబట్టి ఓస్బర్న్ ఆ నీలం అంగీలోనే వస్తాడు. జనం చూస్తే రాళ్ళేస్తారు, వంతెన దాటేదాకా ముసుగు తియ్యకూడదు, నోరు విప్పకూడదు.

వీళ్ళకి తనతో ఏం పని? ఆ అనుమానం ఆమెని వదల్లేదు. దాటాక వెనకనుంచి బాణం వేస్తారా?

పొద్దు వాలుతుండగా కోటగోడ లోపల దబ్బుమని చప్పుడైంది. గంట కొట్టారు. హవీస్ శిలువ గుర్తు వేసుకుని, పోయిన ఆ దొరబిడ్డ కోసం ప్రార్థించింది. కాసేపటికి నీలం అంగీ బయటికొచ్చింది.

"ఏమోయ్ తలారీ, గిట్టుబాటు బాగానే అయిందే" అన్నాడు వంతెన మీద కాపలావాడు. "అంగీ నాకమ్ముతావా?"

నీలం అంగీ ఆగిపోయింది. హవీస్ గబగబా చెయ్యి పట్టుకుంది. "మా ఆయనకి ఒంట్లో ఓపిక లేదు బాబూ, పోనీండి." కాపలావాడు నవ్వి దారిచ్చాడు.

వంతెన దాటినా ఆ మనిషి ముసుగు తియ్యలేదు. పిల్ల ఆ చేతుల్లోకి వెళ్ళనని ఏడ్చింది, ఆ చేతులూ ముందుకు రాలేదు. నెత్తురంటిన చేతులని ఆయనే పిల్లని ముట్టడం లేదేమో అనుకుంది హవీస్. చెట్ల చాటుకి చేరాక ఆగింది.

"ఇప్పుడైనా మాట్లాడవయ్యా. చెయ్యమన్నది నేను. ఆ పాపం నాకే రానీ."

ఆ మనిషి ముసుగు తీశాడు. పొద్దుటి నుంచి గుమ్మంలో నిలబడ్డ మొహమే అది.

"నన్ను కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదమ్మా" అన్నాడు రాజుగారి తమ్ముడు, ఆమె వంక చూడలేక. "దుప్పి దొంగని కొట్టమంటే అందరూ ముందుకొచ్చారు."

మీరెప్పుడైనా ఆ కోట వైపు వెళ్తే, చర్చిలో రాజుగారి తమ్ముడి సమాధి అని పాలరాతి బొమ్మొకటి చూపిస్తారు. చంటిపిల్లతో హవీస్ అంత దూరం వెళ్ళలేకపోయింది. ఆ బొమ్మ కింద ఓస్బర్న్ ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి.