కుముదిని గారి సముద్రం సీను

తెల్లచీర కట్టిన అమ్మాయి ఒకతె మనకి వీపు చూపిస్తూ సముద్రంలోకి నడిచిపోతోంది.

ఫిషింగ్ హార్బర్‌లో దుర్గారావు టీ కొట్టు. గోడమీది టీవీలో పొద్దుటి నుంచీ ఇదే బొమ్మ.

అలనాటి హీరోయిన్ కుముదిని నిన్న చెన్నైలో పోయింది. చచ్చిపోతే గాని ఈ టీవీల వాళ్ళకి పాత నటులు గుర్తురారు.

చేపల వేలం ముగించుకుని వచ్చిన నూకాలు ఖాళీ తట్ట దించింది. డెబ్బై దాటిన మనిషి, టీ కూడా అడగకుండా టీవీ కింద నిలబడిపోయింది.

"ఏటి మామ్మా, ఈ వయసులో సినిమా పిచ్చేటి?" దుర్గారావు నవ్వాడు.



టీవీలో తెల్లచీర నడుం లోతుకి దిగింది. పెద్ద కెరటం లేచి మీద పడింది. తెర నల్లబడింది.

"ఈ ఒక్క సీనుతో కుముదిని గారు తెలుగువాళ్ళందర్నీ ఏడిపించారు," అంది యాంకరమ్మ. దీనికే అవార్డు వచ్చిందట. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆవిడదే రాజ్యమట. ఆ పైన తల్లి వేషాలట.

తర్వాత పాత ఇంటర్వ్యూ. ముత్యాల కమ్మలు, నెరిసిన జుట్టు, చక్కని నవ్వు.

"డూపా? అబ్బే! ఆ షాట్ నేనే చేశానండీ."

నూకాలుకి ఒళ్ళు మండిపోయింది.

ఈవిడే కదూ, ఆ షూటింగ్ రోజు సాయంత్రం తమ గుడిసెకి వచ్చి అమ్మ చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది! "సముద్రంలోకి దిగింది ఎవరో నేను చెబుతానమ్మా. లోకమంతటికీ చెబుతాను" అంది.

సినిమా కంపెనీ వాళ్ళు మాత్రం, పిల్ల స్నానానికి దిగి మునిగిపోయిందని చెప్పుకున్నారు. నోరు విప్పొద్దని నాన్న ఇంటిల్లిపాది చేతా ఒట్టు వేయించుకున్నాడు.

అప్పుడు నూకాలుకి పన్నెండేళ్ళు. కుముదిని టీవీలో కనబడినప్పుడల్లా, ఇవాళ చెబుతుందేమోనని పనులు మానుకుని కూర్చునేది. నిన్నటిదాకా ఎదురుచూసింది.

ఇంకెవరు చెబుతారు?

"అది ఆవిడ కాదురా," అంది నూకాలు, నాన్నకి వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టి.

"మరెవులు?"

"మా అప్ప. నా తోడబుట్టిన పోతమ్మ."

దుర్గారావు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఒడ్డూ పొడుగూ ఆవిడలాగే ఉందని తీసుకెల్లినారు. ఆవిడ గొడుగు కింద కూకుంది. ఆవిడ సీర కట్టి మా అప్పని దింపినారు. ఆ కెరటం పడ్డాక అది ఇంక పైకి రానేదు. షాటు బా వచ్చిందని అందరూ సప్పట్లు కొట్టినారు. నానూ కొట్టినాను."

టీవీలో మళ్ళీ తెల్లచీర.

దుర్గారావు రిమోట్ అందుకున్నాడు. "కట్టీమంటావా మామ్మా?"

"ఒగ్గేయ్. మా ఇంట్లో దాని ఫొటో ఒకటీ నేదు."

వాడు రిమోట్ పక్కన పెట్టేశాడు.

"సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల కదా. అంత కెరటం వత్తంటే ఎనక్కి తిరిగి వచ్చీకూడదా?"

నూకాలు టీవీ మీంచి కళ్ళు తీయలేదు.

"మొకం కనబడితే షాటు పాడైపోద్దన్నారు. తిరగొద్దన్నారు. అది తిరగనేదు."