ఎక్కని గాజులు

పావని అరుగు మీద కూర్చుని గోరుచిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

తొమ్మిదో నెల. శుక్రవారం సీమంతం.

గాజుల పాపాయి బుట్ట దింపి ఆమె చెయ్యి అందుకుంది. ఊళ్ళో ఏ చేతికి ఏ సైజో పాపాయికి కంఠతా వచ్చు.

పచ్చగాజు వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయింది.

"పోయిన నెల రెండుంబావు వేశానమ్మా. ఇవాళ రెండున్నర కూడా ఎక్కట్లేదేంటి?"

"ఎక్కదు మరి! నెయ్యి వేసి పెడుతున్నాను," అంది అత్తగారు శ్యామలాంబ, మురిసిపోతూ. "నా కోడలు ఒళ్ళు చేసింది."

పాపాయి పావని మణికట్టును బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. పూడలేదు.

"తలనొప్పి ఉందా అమ్మా?"

"రెండ్రోజుల్నుంచి. కళ్ళ ముందు మెరుపులు కూడా."

"ఇది ఒళ్ళు కాదండి, నీరు. ఇవాళే బీపీ చూపించండి. బిడ్డకి ముప్పండి."

"శుక్రవారం అయ్యాక చూద్దాంలే. ముందు గాజులెయ్యి."

"ఈ చేతికి నేను గాజులు వెయ్యనండి."

శ్యామలాంబ ముఖం ఎర్రబడింది.

"శుభమా అని పిలిస్తే ఇవేం మాటలే? ముగ్గుర్ని కన్నదాన్ని నేను. పిల్లాజెల్లా లేనిదానివి, కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి నీకేం తెలుసు?"

పాపాయి బుట్ట సర్దుకుంది.

"నన్ను తర్వాత తిట్టండి. ముందు ఆటో పిలవండి."

పావనికి భయమేసింది.

"గాజులు ఎక్కని చేతికి సీమంతం ఏం చేస్తారు అత్తయ్యా? పదండి, వెళ్దాం."

పాలకొల్లులో డాక్టరమ్మ బీపీ చూసి, బిడ్డ గుండె విని, వెంటనే ఆపరేషన్ అంది.

సాయంత్రానికి ఆడపిల్ల. సన్నగా ఉంది. కానీ వార్డు అదిరేలా ఏడ్చింది.

"ఇంకొక్క రోజు ఆగుంటే కడుపులోనే పోయేది. ఎవరు పంపారు మిమ్మల్ని?" అడిగింది డాక్టరమ్మ.

"మా ఊరి గాజులావిడండి," అంది శ్యామలాంబ.

"పాపాయా?" పక్కనున్న నర్సు నవ్వింది. "ఈ ఏడాది ఆవిడ పంపినవాళ్ళలో మీరు ఐదోవాళ్ళు."

బారసాలనాడు శ్యామలాంబ తనే వెళ్ళి పాపాయిని వెంటబెట్టుకొచ్చింది.

"పిల్లల్లేనిదాని చేతనా?" అని ఎవరో గొణిగారు.

శ్యామలాంబ గొంతు పెంచింది.

"నా మనవరాలికి మొదటి గాజులు ఈవిడే వేస్తుంది. కాదనేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి."

గొణిగినవాళ్ళే లేచి పీట వేశారు.

పాపాయి తలెత్తుకుని పీట మీద కూర్చుంది. బుట్టలోంచి నల్లగాజులు తీసి పసిచేతులకు తొడిగింది. అతికినట్టు సరిపోయాయి.

"చూశారా, కొలవకుండానే!" అంది శ్యామలాంబ, తనే తొడిగినంత గర్వంగా.

అప్పుడే బుట్ట అడుగున కనిపించాయి. పాత గుడ్డలో మరో రెండు జతలు. అవీ పసివాళ్ళవే. రంగు వెలిసినా, కట్టిన దారం ఎవరూ విప్పలేదు.

"అవీ ఇచ్చెయ్యి పాపాయమ్మా. ఇవి చిట్లితే వేస్తాం," అంది శ్యామలాంబ.

"అవి అమ్మేవి కాదండి."

పాపాయి గుడ్డ మడిచింది.

"రెండుసార్లూ తొమ్మిదో నెలలో నాకూ గాజులు ఎక్కలేదండి. మా అత్తగారు కూడా ఒళ్ళు చేశాననే మురిసిపోయింది."

శ్యామలాంబ తేరుకుని ఆమె చెయ్యి పట్టుకోబోయేసరికి, ఎన్నడూ ఎవరూ తొడుక్కోని ఆ రెండు జతల తల్లి బుట్ట నెత్తికెత్తుకుని గుమ్మం దాటింది.