పిట్టలదొర పిస్తోలు

బూ జాసిం జుమ్మా నమాజుకు అలా వెళ్ళాడో లేదో, రాజనర్సు చేయకూడని పని చేశాడు. గోడకు వేలాడుతున్న తోలు ఒరలోంచి యజమాని పిస్తోలు తీసి, తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు.

పట్టుబడితే జైలే. జైలు తప్పినా కొలువు పోతుంది. వీసా ఇచ్చిన కఫీల్ కూడా బూ జాసిమే కాబట్టి విమానం ఎక్కించి ఇంటికి పంపేస్తాడు. ఇదంతా రాజనర్సుకు తెలుసు. అయినా తీశాడు.

నిజానికి దీనికంతటికీ మూలం గంగాప్రసాద్. అద్లియాలో హాలు మాట్లాడి, బహ్రెయిన్‌లోని మన తెలుగువాళ్ళందరికీ ఆటాపాటా ఏర్పాటు చేసింది ఆయనే. రాజనర్సుది పిట్టలదొరల ఇల్లు. ఖాకీ నిక్కరు, వేటగాడి టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటినిండా కోతలు. తాతతండ్రులు ఆ వేషంతోనే ఊళ్ళు తిరిగి బతికారు. రాజనర్సు మాత్రం బహ్రెయిన్ వచ్చి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఈ ఇంట్లో పనికి కుదిరాక, కోతలు కోయడమే మర్చిపోయాడు.

"నర్సన్నా, ఈపాలి ఏషం నువ్వే కట్టాలె" అన్నాడు గంగాప్రసాద్. "పోయినేడు ఎవలో ప్లాస్టిక్ తుపాకి తెచ్చిన్రు. పోరగాండ్లు ఒక్కటే నవ్వుడు. జర అసలు దాని లెక్క కనవడేది తే."

"అసలు దాని లెక్కెందుకన్నా? అసలుదే తెస్త!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. వంశంలో ఉన్న గుణం ఎక్కడికి పోతుంది!

బూ జాసిం పిస్తోలంటే మామూలు పిస్తోలు కాదు. అరచేతిలో ఇమిడేంత చిన్నది, ఒళ్ళంతా ఉక్కు. దానికి ఆయన చేసే ముద్దుమురిపాలు అన్నీ ఇన్నీ కావు. మొదట అక్రోటు కర్ర పిడి వేయించాడు. అది నచ్చక ముత్యపుచిప్ప పిడి బిగించాడు. గొట్టం పక్కన తన పేరు చెక్కించాడు. ఒంటె తోలుతో ఒర కుట్టించాడు. పొద్దున లేచింది మొదలు అది నడుముకు ఉండాల్సిందే. దేవుడి ఇంటికి ఆయుధంతో వెళ్ళకూడదని శుక్రవారం మాత్రం తీసి గోడకు తగిలించేవాడు.

దానికి పోసే నూనె సీసా కూడా, ఖర్జూరాలతో, సిగరెట్లతో పాటు, సందు చివరి కొట్టు నుంచి రాజనర్సే తెచ్చేవాడు. నూనె పోసేటప్పుడు వచ్చే ఘాటు వాసనే తుపాకి మందు వాసన అని అతనికి గట్టి నమ్మకం.

చుట్టాలు వస్తే చాలు, బూ జాసిం సఖీర్ ఎడారి కథ ఎత్తుకునేవాడు. ఈ పిస్తోలుతోనే దొంగల్ని తరిమాడట. ఒకసారి ఇద్దరంటాడు, ఇంకోసారి గుంపంటాడు. మర్యాద తెలిసిన మనిషి. సిగరెట్ తాగాలనిపిస్తే చుట్టాల ముందు తాగకుండా లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. రాజనర్సుకు మాత్రం హిందీలో ఒక్కటే హెచ్చరిక:

"ఇది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దీని గుర్రం మీద, అదే ట్రిగ్గర్ మీద, వేలు పెట్టావో, ఖలాస్!"

అలాంటి దాన్ని పట్టుకుని ఆ మధ్యాహ్నం అద్లియా హాల్లో రాజనర్సు వేదిక ఎక్కాడు.

"నేనెవలనుకున్నరు? ఏడు సముద్రాలు ఎడమకాలుతోని దాటొచ్చిన దొరను! నేను దగ్గితే బహ్రెయిన్ల ఒంటెలన్నీ లేశి సెల్యూట్ కొడ్తయి!"

హాలు హాలంతా ఘొల్లుమంది. నోటితోనే "ఢాం" అన్నాడు. నోరు నవ్వుతోంది, చూపుడు వేలు మాత్రం గుర్రానికి బెత్తెడు దూరంలో బిగుసుకుపోయింది. పిల్లలు వేదిక ఎక్కి పిస్తోలు ముట్టుకోబోతే, దాన్ని నెత్తి మీదికెత్తి "దూరం! దూరం!" అని నిజంగానే అరిచాడు. దానికి ఇంకా నవ్వారు. పాపం, లోపల అతని పైప్రాణాలు పైనే పోతున్నాయి.

యజమాని తిరిగొచ్చేలోగా ఒరలో పెట్టేయాలని, ఖాకీ నిక్కరు మార్చుకోకుండానే పరుగెత్తి ట్యాక్సీ ఎక్కాడు. దారిలో పోలీసు ఆపాడు. టోపీ, నిక్కరు, బొగ్గుతో దిద్దిన మీసాలు చూశాడు. సంచి చూడలేదు. నవ్వాపుకుంటూ సెల్యూట్ కొట్టి "యల్లా, యల్లా" అని పొమ్మన్నాడు. రాజనర్సు బతుకుజీవుడా అనుకున్నాడు.

ఆ సంతోషం ఇంటి గుమ్మం దాకానే. బూ జాసిం అప్పటికే వచ్చి, ఖాళీ ఒర పట్టుకుని గదంతా తిరుగుతున్నాడు. పరుపులు తిరగేసి ఉన్నాయి. వంటింట్లో డబ్బాలన్నీ బోర్లా పడి ఉన్నాయి. ముఖమంతా చెమట.

రాజనర్సు సంచి ముందు పెట్టి, కాళ్ళ మీద పడిపోయాడు. జరిగిందంతా చెప్పేశాడు.

"మధ్యాహ్నం నుంచి అది లేక పిచ్చెక్కిపోతోంది నాకు! చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో!" అని అరిచాడు బూ జాసిం. తర్వాత ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. "గుర్రం నొక్కావా?"

"లేదు బాబా. మా అవ్వ మీద ఒట్టు."

"వేరే ఎవరైనా?"

"ఎవ్వర్నీ ముట్టనియ్యలేదు బాబా."

బూ జాసిం గట్టిగా ఊపిరి వదిలాడు. వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. కిటికీ తెర లాగాడు. సంచిలోంచి పిస్తోలు తీసి, దానికి చుట్టిన తువ్వాలను విప్పి పక్కన పడేశాడు.

"ఇప్పుడు ఇక్కడ జరిగేది ఈ గడప దాటకూడదు" అన్నాడు.

తనను చంపి ఎడారిలో పాతిపెట్టినా అడిగే దిక్కు లేదని రాజనర్సుకు అర్థమైంది. ఏడుపొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకున్నాడు.

టక్కుమంది.

ఎక్కడా నొప్పి తెలియక ఒక కన్ను తెరిచి చూస్తే, పిస్తోలు మూతి నుంచి లేచిన చిన్న మంటతో బూ జాసిం హాయిగా సిగరెట్ ముట్టించుకుంటున్నాడు.