రెండో చుట్టు

ముప్పయ్యేళ్లుగా ఈ కొండలన్నీ నేను మా ఆయన నవాంగ్ భుజం పక్కనుంచే చూశాను. బండి ఆయనది, వెనక సీటు నాది. పోయిన ఏడాది ఆయన కాళ్లు చచ్చుబడ్డాక, ఈ వయసులో నేనే నడపడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన్ని కోడలికి అప్పజెప్పి, మనాలి నుంచి కాజాలోని మా చెల్లెలి ఇంటికి ఒక్కదాన్నే బయలుదేరాను. దారంతా నా కళ్లముందే పరుచుకుని ఉంది. హాయిగా ఉంది.

కనుమ పైకి చేరేసరికి చీకటి పడింది. అక్కడి గుడి చుట్టూ బండితోనే ఒక చుట్టు తిరగందే ఎవరూ ముందుకు పోరు. నేనూ తిరిగాను. రాలేని మనిషి కోసం ఇంకొకటి తిరిగాను.

ఆ రెండో చుట్టులో బండి వెనక భాగం కిందికి కుంగింది. గాలి వీస్తూనే ఉన్నా గుడి జెండాల చప్పుడు ఆగిపోయింది. మలుపులో నా నడుం చుట్టూ చల్లగా ఏదో బిగుసుకుంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఎందుకో భయం వేయలేదు. కొండ దిగేదాకా వీపుకి చలిగాలి తగల్లేదు.

లోసర్ ఊళ్లో సిగ్నల్ అందగానే ఇంటికి ఫోన్ చేశాను.

"చేరావా పల్మో?" అన్నాడు నవాంగ్. "ఇందాక కునుకు పట్టింది. లేచేసరికి చేతులు మంచుగడ్డలు."

"దుప్పటి కప్పుకోవడం కూడా నేనే చెప్పాలా, ముసలోడా?"

ఆయన నవ్వాడు.

"నాకోసం తిరిగిన చుట్టులో మరీ జోరు చేశావే. కొంచెముంటే పడిపోయేవాణ్ణి."