మంచినీళ్ల సీసా

"సంతకం పెట్టండి బాబాయ్. ఇరవై కిలోమీటర్ల రోడ్డు మీ ఒక్కరి దగ్గరే ఆగిపోయింది," అన్నాడు ఇంజనీరు.

ల్యాబు పెద్దాయన తలెత్తలేదు. రెండు సీసాలకు చీటీలు అంటిస్తున్నాడు. ఒకటి ‘తారు నీళ్లు’. కొత్త తారు దిమ్మ మీద నుంచి వారం రోజులు కారిన వాన నీళ్లవి. రెండోది పోల్చి చూడటానికి పెట్టుకున్న ‘మంచినీళ్లు’. గదిలో స్టూళ్లు రెండున్నాయి. రెండోదాని మీద దుమ్ము పేరుకుంది.

ఇంజనీరు ఊరుకోలేదు. ఇది ఫ్యాక్టరీలో వండిన తారు కాదని, భూమిలోంచి తవ్వి తీసిందని, ఖర్చూ పొగా రెండూ తగ్గుతాయని ఏకరువు పెట్టాడు.

"అంతా సహజం బాబాయ్."

"పాము విషమూ సహజమేరా. ఆ రోడ్డు పోయేది ఊరంతా తాగే చెరువు పక్కనుంచి."

"మూడేళ్ల కిందట ఇదే తారు మీ వీధిలో, మీ గుమ్మం ముందే వేసి చూశాం. అప్పుడూ సంతకం మీదే. ఒక్క గుంతైనా పడిందా?"

"పడలేదు."

"మరింకేం? నిరుడు పిన్ని జబ్బుతో పోయినప్పటి నుంచి మీకు నీడను చూసినా అనుమానమే."

పెద్దాయనకు ఈ మధ్య ఇంట్లో ఎవరికీ జవాబు చెప్పే పని లేదు. లేచి కిటికీ తెర దించి, ఊదారంగు దీపం వెలిగించాడు. తారు విషం కలిసిన నీళ్లు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తాయి. మంచినీళ్లు మెరవవు.

తారు నీళ్లు మెరిశాయి. ఇంజనీరు ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

పెద్దాయన రెండో సీసా పెట్టాడు. అదీ మెరిసింది.

ఇంజనీరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశారా, మంచినీళ్లూ మెరుస్తున్నాయి. తప్పు తారుది కాదు, మీ దీపానిది."

పెద్దాయన ఇంజనీరు సంచిలోంచి, అతను కొని తెచ్చుకున్న నీళ్ల సీసా తీసి దీపం కింద పెట్టాడు. మెరవలేదు. దీపం తుడిచి మళ్లీ చూశాడు. అప్పుడూ మెరవలేదు.

ఇంజనీరు ‘మంచినీళ్లు’ సీసా వైపు తిరిగాడు. "ల్యాబులో నీళ్లు శుద్ధి చేసే యంత్రం పాడైందన్నారుగా. మరి ఈ మంచినీళ్లు ఎక్కడివి బాబాయ్?"

పెద్దాయన ‘మంచినీళ్లు’ అన్న చీటీని గోటితో గీకేశాడు.

"మా ఇంటి బావిలోవి. మీ పిన్ని వేరే నీళ్లు ముట్టేది కాదు."